పురుడులో రక్తం ఎక్కువగా పోయాక పిట్యూటరీ దెబ్బతింటే (షీహాన్ సిండ్రోమ్): తరచుగా అడిగే ప్రశ్నలు

కాన్పులో రక్తం బాగా పోయింది. పాలు పడలేదు, నెలసరి మళ్లీ రాలేదు. తర్వాత ఏళ్ల తరబడి నీరసం. మా ఒదిన పరిస్థితి ఇదే. చివరికి దానికి షీహాన్ సిండ్రోమ్ అని పేరు తెలిసింది. అప్పటి నుంచి శ్రీకాకుళం, పాడేరు వైపుల నుంచి వైద్యానికి విశాఖ వచ్చే కుటుంబాలు నన్ను దాదాపు ఇవే సందేహాలు అడుగుతున్నాయి. అందుకే వాళ్లు అడిగిన మాటల్లోనే ఇక్కడ రాసి పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు. నేను డాక్టర్ని కాను. మందుల డోసు మాత్రం మీ డాక్టరే నిర్ణయించాలి.

## జబ్బు గురించి

పిట్యూటరీ తలలో ఉంటుంది కదా, కాన్పుకీ దానికీ ఏం సంబంధం?

మెదడు అడుగున, చిన్న ఎముక గుంటలో బఠాణీ గింజంత ఉండే గ్రంథి పిట్యూటరీ. తెలుగు పుస్తకాల్లో పీయూష గ్రంథి అని రాస్తారు. థైరాయిడ్, కిడ్నీల మీద ఉండే అడ్రినల్ గ్రంథులు, అండాశయాలు దీని ఆదేశాల మీదే పనిచేస్తాయి. పాలు తయారు చేయించే ప్రొలాక్టిన్ కూడా ఇక్కడి నుంచే వస్తుంది.

గర్భంతో ఉన్నప్పుడు ఆ పాల హార్మోను కణాలు పెరగడంతో గ్రంథి ఉబ్బుతుంది. దానికి రక్తం ఎక్కువ కావాలి. కానీ గ్రంథి ముందు భాగానికి రక్తం వచ్చే దారిలో ఒత్తిడి మొదటి నుంచీ తక్కువే. కాన్పులో రక్తం పోయి బీపీ ఒక్కసారిగా పడిపోతే ఆ ముందు భాగానికి రక్తం అందక కణాలు చచ్చిపోతాయి. వెనక భాగం చాలామందిలో బాగానే ఉంటుంది. హెరాల్డ్ షీహాన్ అనే బ్రిటిష్ పాథాలజిస్టు 1937లో దీన్ని వివరంగా రాశారు కాబట్టి ఆయన పేరు వచ్చింది.

ఎంత రక్తం పోతే ఇలా అవుతుంది?

మామూలు కాన్పులో 500 మి.లీ., సిజేరియన్‌లో 1000 మి.లీ. దాటితే ఎక్కువ రక్తస్రావం అని డాక్టర్లు లెక్కగట్టేవారు. అంత పోయిన ప్రతి ఒక్కరికీ పిట్యూటరీ దెబ్బతినదు. బీపీ ఎంతగా పడింది, ఎంతసేపు అలాగే ఉంది అన్నది ముఖ్యం. గర్భసంచి బిగుసుకోకపోవడం, మాయ పూర్తిగా పడకపోవడం, లోపల చిరుగులు రక్తం ఎక్కువ పోవడానికి సాధారణ కారణాలు.

పాత డిశ్చార్జి కాగితం ఉంటే వెతకండి. అందులో పీపీహెచ్ (కాన్పు తర్వాత ఎక్కువ రక్తస్రావం), షాక్, రక్తం ఎక్కించారు అన్న మాటలు ఉన్నాయేమో చూడండి. కాగితం లేకపోతే ఆ రోజు పక్కన ఉన్నవాళ్లను అడగండి. స్పృహ తప్పిందా, ఎన్ని సీసాల రక్తం ఎక్కించారు అన్నది అమ్మకో అత్తకో గుర్తుంటుంది.

సిజేరియన్ అయినవాళ్లకు రాదా?

రావచ్చు. కాన్పు ఏ రకంగా జరిగినా, రక్తం బాగా పోయి బీపీ పడిపోతే ప్రమాదమే.

ఈ రోజుల్లో కూడా ఈ జబ్బు ఉందా?

ఉంది. కాన్పులో రక్తస్రావాన్ని వెంటనే అదుపు చేసే దేశాల్లో అరుదైపోయింది. మన దేశంలో అలా కాలేదు. కాశ్మీర్ లోయలో చేసి 2005లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, 20 ఏళ్లు దాటిన ఆడవాళ్లలో సుమారు 3 శాతం మందికి ఈ జబ్బు ఉండవచ్చు. జబ్బు తేలిన వారిలో మూడింట రెండు వంతుల మంది ఇంట్లో పురుడు పోసుకున్నవాళ్లే.

మన ఏజెన్సీ సంగతి తెలిసిందే. ఇప్పటికీ కొన్ని కొండ ఊళ్ల నుంచి నిండు గర్భిణిని డోలీలో మోసుకొచ్చి, రోడ్డు దగ్గర 108 ఎక్కించాలి. రక్తం పోతూ ఉంటే ఆ దారి పొడుగునా జరిగే ప్రతి ఆలస్యం ప్రమాదమే. అలా ప్రాణం దక్కి ఇంటికి చేరిన తల్లికి తర్వాత ఏమైందో అడిగేవాళ్లు తక్కువ. ఈ పేజీ రాయడానికి అసలు కారణం అదే.

## అనుమానం వచ్చినప్పుడు

బిడ్డ పుట్టి నాలుగు రోజులైంది, పాలు పడలేదు. ఇదేనా?

పాలు ఆలస్యం కావడానికి వేరే కారణాలే ఎక్కువ. సిజేరియన్, రక్తహీనత, టెన్షన్, బిడ్డ రొమ్ము సరిగా పట్టకపోవడం, ఇలా చాలా ఉంటాయి. అయితే కాన్పులో రక్తం బాగా పోయి ఉండి, పాల చుక్క కూడా రాకుండా, రొమ్ముల్లో ఏ మాత్రం బిగువు లేకుండా ఉంటే ఆ సంగతి డాక్టరుకు చెప్పండి.

దాంతోపాటు బాలింతకు కళ్లు తిరగడం, బీపీ పడిపోవడం, షుగర్ తగ్గడం, వాంతులు, మత్తుగా పడి ఉండటం కనిపిస్తే అది అత్యవసరం. పొద్దున్న చూద్దాం అనుకోకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

పథ్యం సరిగా చేయలేదు, అందుకే ఇలా అయింది అంటున్నారు ఇంట్లో. నిజమేనా?

కాదు. బాలింత ఏం తిన్నది, తలకు గుడ్డ కట్టుకుందా లేదా, చన్నీళ్లు ముట్టుకుందా అన్నవాటికీ ఈ జబ్బుకీ ఏ సంబంధమూ లేదు. గాలి సోకడమూ కాదు, దిష్టీ కాదు. రక్తం అందక గ్రంథి దెబ్బతింది, అంతే. పాలు పడలేదని ఆ తల్లిని మాటలనడం చాలా అన్యాయం. బాలింతకు నీళ్లు తక్కువ ఇవ్వాలన్న పద్ధతి మీ ఇంట్లో ఉంటే అది కూడా మానేయండి.

మా పాప ఎనిమిదో క్లాసు. ఇన్నేళ్ల తర్వాత పురుడు వల్ల జబ్బేమిటి?

చాలామందిలో ఇలాగే బయటపడుతుంది. గ్రంథి కొంత మిగిలి ఉంటే శరీరం దాంతోనే నెట్టుకొస్తుంది. నీరసం మెల్లగా పెరుగుతుంది కాబట్టి వయసు వల్లనో, ఇంటి చాకిరీ వల్లనో అనుకుంటారు. ఎప్పుడో గట్టి జ్వరమో ఆపరేషనో వచ్చినప్పుడు శరీరం తట్టుకోలేక పడిపోతుంది. అప్పుడు ఎమర్జెన్సీలో రక్తంలో సోడియం బాగా తగ్గిందనో, షుగర్ లేకుండా స్పృహ తప్పిందనో చెబుతారు. కాన్పు జరిగి పది, ఇరవై ఏళ్లయ్యాక జబ్బు తేలినవాళ్లు ఉన్నారు.

అందుకే, ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా, అడగకపోయినా సరే, మూడు సంగతులు చెప్పండి: చివరి కాన్పులో రక్తం బాగా పోయింది, పాలు పడలేదు, ఆ తర్వాత నెలసరి రాలేదు. ఈ మూడూ కలిపి వింటే చాలామంది డాక్టర్లకు వెంటనే అనుమానం వస్తుంది. విడివిడిగా చెబితే మాత్రం ఒకరు బలానికి మందు రాస్తారు, ఇంకొకరు నెలసరి తొందరగా ఆగిపోయింది అంటారు.

ఎవరికీ చెప్పుకోలేని మార్పులు ఉన్నాయి. అవి కూడా దీనివల్లేనా?

చంకల్లో, కింద వెంట్రుకలు రాలిపోయి మళ్లీ రాకపోవడం, యోని పొడిబారడం, సంసారం మీద ఆసక్తి పోవడం ఈ జబ్బు లక్షణాలే. సిగ్గుపడకుండా డాక్టరుకు చెప్పండి, రోగం పట్టుకోవడానికి అవి చాలా ఉపయోగపడతాయి. ముఖం పాలిపోవడం, కళ్ల చుట్టూ నోటి చుట్టూ సన్నటి ముడతలు, మే నెల ఉక్కపోతలో కూడా దుప్పటి కావాలనిపించడం కూడా ఇందులో కనిపిస్తాయి. మా ఒదిన వైశాఖ మాసంలో ఫ్యాను ఆపించేది. విశాఖలో ఆ రోజుల్లో ఫ్యాను ఆపమనే మనిషి ఇంట్లో ఉంటే, ఎందుకో ఆలోచించాలి.

థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్నా నీరసం తగ్గదేం? టీఎస్‌హెచ్ నార్మల్ అంటున్నారు.

టీఎస్‌హెచ్ అంటే థైరాయిడ్‌ను పనిచేయించే హార్మోను, అది తయారయ్యేది పిట్యూటరీలోనే. అదే దెబ్బతిన్నప్పుడు, ఒంట్లో థైరాయిడ్ హార్మోను తక్కువగా ఉన్నా టీఎస్‌హెచ్ పెరగదు. నార్మల్‌గానో, కొంచెం అటూ ఇటుగానో కనిపిస్తుంది. ఆ ఒక్క పరీక్ష చూసి అంతా బాగుందనుకుంటే మోసపోతాం. దానితోపాటు ఫ్రీ టీ4, అంటే థైరాయిడ్ గ్రంథి తయారు చేసే హార్మోను పరీక్ష చేయించాలి. ఫ్రీ టీ4 తక్కువగా ఉండి టీఎస్‌హెచ్ పెరగకపోతే అనుమానం పిట్యూటరీ మీదకు వెళ్లాలి.

ఇంకో సంగతి. కార్టిసాల్ (అడ్రినల్ గ్రంథులు తయారు చేసే స్టెరాయిడ్ హార్మోను) కూడా తక్కువగా ఉన్న మనిషికి ఒక్క థైరాయిడ్ మాత్రే ఇస్తే నీరసం ఇంకా పెరగవచ్చు, ప్రాణం మీదకు రావచ్చు కూడా. మాత్ర మొదలుపెట్టాక కళ్లు తిరగడం, వాంతులు ఎక్కువైతే వెంటనే డాక్టరును కలవండి.

సెలైన్ పెట్టిస్తే రెండు మూడు రోజులు బాగుంటుంది, మళ్లీ మామూలే. ఎందుకు?

ఈ జబ్బులో రక్తంలో సోడియం, షుగర్ తగ్గుతూ ఉంటాయి. సెలైన్‌తో, గ్లూకోజుతో అవి కాసేపు సర్దుకుంటాయి. కొన్ని చోట్ల ఆర్ఎంపీ ఆ సీసాలోనే ఒక స్టెరాయిడ్ ఇంజెక్షన్ కూడా కలుపుతారు. శరీరంలో కొరవడింది సరిగ్గా అలాంటి హార్మోనే కాబట్టి మంచం మీదున్న మనిషి లేచి వంట చేస్తుంది. మందు బాగా పనిచేసిందని మళ్లీ వారానికి అక్కడికే వెళ్తారు, అసలు జబ్బు అలాగే ఉండిపోతుంది.

సెలైన్ పెట్టించుకున్న ప్రతిసారీ మనిషి మారిపోతోందంటే అది ఒక ఆధారం. డాక్టరుకు తప్పక చెప్పండి. ఈ మధ్య ఇంజెక్షన్లు చేయించుకుంటే ఆ సంగతి కూడా చెప్పండి, ఎందుకంటే కార్టిసాల్ పరీక్ష ఫలితం వాటివల్ల మారిపోతుంది.

## పరీక్షలు

ఏ డాక్టరును కలవాలి? విశాఖలో ఎక్కడికి వెళ్లాలి?

హార్మోన్ల డాక్టరును, అంటే ఎండోక్రైనాలజిస్టును కలవాలి. ప్రభుత్వంలో అయితే కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి)లో ఎండోక్రైనాలజీ విభాగం ఉంది. అది ఆంధ్రా మెడికల్ కాలేజీకి అనుబంధ ఆసుపత్రి. ఉత్తరాంధ్ర జిల్లాల నుంచే కాక ఒడిశా సరిహద్దు ఊళ్ల నుంచి కూడా జనం వస్తారు కాబట్టి ఓపీ చీటీకి పొద్దున్నే చేరుకోవడం మంచిది. ఊళ్లో ఉన్నవాళ్లు ముందు దగ్గరి పీహెచ్‌సీ డాక్టరుకు చెప్పి రిఫరల్ రాయించుకోవచ్చు. ఆశా కార్యకర్తకు కాన్పు సంగతి తెలిసి ఉంటే ఆమెను కూడా వెంట తీసుకెళ్లండి.

ఏ రక్త పరీక్షలు చేస్తారు? పొద్దున్న ఎనిమిదికే ఎందుకు రమ్మంటారు?

కార్టిసాల్ తెల్లవారుజామున పెరిగి సాయంత్రానికి తగ్గుతుంది. మధ్యాహ్నం రక్తం తీస్తే ఆ అంకెతో ఏమీ తేల్చలేం. ఉదయం కార్టిసాల్ డెసిలీటరుకు 3 మైక్రోగ్రాముల కన్నా తక్కువ ఉంటే లోపం ఉన్నట్టే. 15 పైన ఉంటే లోపం ఉండే అవకాశం తక్కువ. మధ్యలో ఉంటే ఇంజెక్షన్ ఇచ్చి మళ్లీ రక్తం తీసి చూస్తారు. దీంతోపాటు ఫ్రీ టీ4, టీఎస్‌హెచ్, ప్రొలాక్టిన్, ఎఫ్ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ (ఈ రెండూ పిట్యూటరీ అండాశయాలకు పంపే హార్మోన్లు), ఈస్ట్రాడయోల్ (అండాశయాల హార్మోను), సోడియం, షుగర్, హిమోగ్లోబిన్ చూస్తారు.

నెలసరి ఆగిపోయినా ఎఫ్ఎస్‌హెచ్ పెరగకుండా ఉండటం ఇక్కడ ముఖ్యమైన గుర్తు. మామూలుగా ముట్లుడిగినప్పుడు అది బాగా పెరుగుతుంది.

మనిషి పరిస్థితి బాగోలేకపోతే రిపోర్టుల కోసం ఆగరు. రక్తం తీసి పెట్టుకుని వెంటనే స్టెరాయిడ్ ఇస్తారు. అదే సరైన పద్ధతి.

ఎంఆర్ఐలో ‘ఎంప్టీ సెల్లా’ అని రాశారు. మెదడులో ఏదో ఖాళీ అయిపోయిందా?

మెదడుకు ఏమీ కాలేదు. పిట్యూటరీ కూర్చునే ఎముక గుంటను సెల్లా అంటారు. చచ్చిపోయిన గ్రంథి కాలక్రమంలో కుంచించుకుపోయి, ఆ చోట నీరు నిండి గుంట ఖాళీగా కనిపిస్తుంది. షీహాన్‌లో తరచుగా కనిపించేదే ఇది. ఏ జబ్బూ లేనివాళ్లలో కూడా సెల్లా ఖాళీగా కనిపించవచ్చు కాబట్టి స్కాను ఒక్కటే చూసి జబ్బు ఉందని చెప్పరు, హార్మోన్లతో కలిపి చూస్తారు.

## మందులు

స్టెరాయిడ్ జీవితాంతం అంటున్నారు. ముఖం ఉబ్బుతుంది, ఎముకలు పాడవుతాయి అంటారు కదా?

ఆస్తమాకో కీళ్లవాతానికో ఎక్కువ డోసులో, ఎక్కువ రోజులు వాడినప్పుడు ఆ ఇబ్బందులు వస్తాయి. ఇక్కడ ఇచ్చేది మీ శరీరం రోజూ తయారు చేసుకోవలసిన కార్టిసాల్‌కు బదులు మాత్రమే. సాధారణంగా హైడ్రోకార్టిసోన్ రోజుకు 15 నుంచి 20 మి.గ్రా., రెండు మూడు భాగాలుగా. పెద్ద భాగం నిద్ర లేవగానే, ఆఖరిది సాయంత్రం కాకముందే. కొందరికి ప్రెడ్నిసొలోన్ 3 నుంచి 5 మి.గ్రా. ఉదయం ఒక్కసారి రాస్తారు. అవసరానికి మించి వేసుకుంటే మాత్రం బరువు, ముఖం ఉబ్బు వస్తాయి. అందుకే డోసు సొంతంగా పెంచుకోకూడదు.

అసలు భయపడవలసింది ఈ మాత్ర మానేస్తే ఏమవుతుందన్నదాని గురించి.

స్టెరాయిడ్, థైరాయిడ్ రెండూ రాశారు. ఏది ముందు?

ఎప్పుడూ స్టెరాయిడే ముందు. కొన్ని రోజుల తర్వాతే థైరాయిడ్ మాత్ర మొదలుపెడతారు. థైరాయిడ్ మందు ఒంట్లో ఉన్న కాస్త కార్టిసాల్‌ను కూడా త్వరగా ఖర్చు చేయిస్తుంది. ముందే ఇస్తే బీపీ పడిపోయి మనిషి కుప్పకూలవచ్చు. రెండూ అలవాటయ్యాక థైరాయిడ్ మాత్ర పరగడుపున వేసుకుని, అరగంట నుంచి గంట ఆగి టీ తాగండి. ఐరన్, కాల్షియం మాత్రలకు దానితో నాలుగు గంటల ఎడం ఉండాలి.

టీఎస్‌హెచ్ బాగా తగ్గింది, డోసు ఎక్కువైందని ల్యాబులో అన్నారు. తగ్గించాలా?

వద్దు. ఈ జబ్బులో డోసును ఫ్రీ టీ4 చూసి సరిచేస్తారు, టీఎస్‌హెచ్ చూసి కాదు. కొత్త డాక్టరు దగ్గరికి వెళ్తే పిట్యూటరీ జబ్బు అని ముందే చెప్పండి.

ఇద్దరు పిల్లలు చాలు. నెలసరి రాకపోతే నష్టమేంటి? ఆ మాత్రలు ఎందుకు?

నెలసరి కోసమే అయితే అవసరం లేదు. చిన్న వయసులో అండాశయాల హార్మోను ఈస్ట్రోజెన్ లేకపోతే ఎముకలు పలచబడతాయి, లోపల పొడిబారి సంసారం బాధగా మారుతుంది. అందుకే వేరే అడ్డంకులు లేకపోతే, మామూలుగా ముట్లుడిగే వయసు దాకా, దాదాపు 50 ఏళ్ల వరకు ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరోన్ ఇస్తారు. గర్భసంచి ఉన్నవాళ్లకు రెండూ కలిపే ఇవ్వాలి. రొమ్ము క్యాన్సరు, కాళ్లలో రక్తం గడ్డకట్టడం వంటివి ఇంట్లో ఎవరికైనా ఉంటే డాక్టరుకు ముందే చెప్పండి.

ఇప్పుడు బాగున్నాను. ఆపేసి చూడొచ్చా?

వద్దు. బాగున్నది ఆ మాత్ర వల్లే. స్టెరాయిడ్ ఒక్కసారిగా ఆపితే ప్రాణాపాయం. ఊరెళ్లేటప్పుడు వారానికి సరిపడా ఎక్కువ పెట్టుకోండి. ఒక షీటు చేతిసంచిలో, ఒకటి ఇంట్లో.

గ్రోత్ హార్మోను కూడా లేదన్నారు. అది తీసుకోవాలా?

అందరికీ ఇవ్వరు. రోజూ ఇంజెక్షన్, ఖర్చు చాలా ఎక్కువ. అది లేకుండానే ఎక్కువమంది బాగుంటారు.

ఖర్చు భరించగలమా?

స్టెరాయిడ్, థైరాయిడ్ మాత్రలు పాత మందులే, ఖరీదైనవి కావు. ఎక్కువ ఖర్చు మొదట్లో పరీక్షలకు, ఎంఆర్ఐకి. ప్రభుత్వ ఆసుపత్రిలో చేయించుకుంటే ఆ భారం తగ్గుతుంది. అడ్మిట్ కావలసి వస్తే ఎన్టీఆర్ వైద్య సేవ వర్తిస్తుందేమో అక్కడి ఆరోగ్యమిత్రను అడగండి. హైడ్రోకార్టిసోన్ మాత్ర అన్ని షాపుల్లో ఉండదు. అయిపోయాక వెతుక్కోకుండా రెండు వారాల ముందే తెచ్చుకోండి.

## జ్వరం, ఉపవాసం, ప్రయాణం

జ్వరం వస్తే మాత్రలు అలాగే వేసుకోవాలా?

ఆరోగ్యంగా ఉన్న మనిషికి జ్వరం వస్తే శరీరం కార్టిసాల్‌ను తానే పెంచుకుంటుంది. మీకు అది జరగదు కాబట్టి మాత్రతో పెంచాలి. సాధారణంగా జ్వరం ఉన్నన్ని రోజులు స్టెరాయిడ్ డోసు రెండింతలు, ఎక్కువ జ్వరమైతే మూడింతలు చేయమంటారు. తగ్గాక ఒకటి రెండు రోజుల్లో మామూలు డోసుకు వచ్చేయాలి. మీ విషయంలో ఎంత అన్నది డాక్టరుతో ముందే కాగితం మీద రాయించుకుని, మాత్రల డబ్బా మూతకు అంటించండి. ఇంట్లో మిగతావాళ్లకు కూడా చూపించండి. 104 జ్వరంలో లెక్కలు వేసుకునే ఓపిక మీకు ఉండదు. పన్ను పీకించుకోవడం, ఆపరేషను ఉంటే ముందే చెప్పాలి.

వాంతులు అవుతున్నాయి, మాత్ర నిలవడం లేదు. ఏం చేయాలి?

వెంటనే ఆసుపత్రికి వెళ్లండి, 108కి ఫోన్ చేయండి. అక్కడ మొదట చెప్పవలసిన మాట ఇది: “ఈమెకు పిట్యూటరీ జబ్బు ఉంది, కార్టిసాల్ తయారవదు. హైడ్రోకార్టిసోన్ 100 మి.గ్రా. ఇంజెక్షన్ ఇవ్వాలి.” ఆ తర్వాతే మిగతా కథ. రిపోర్టులు వచ్చేదాకా ఇంజెక్షన్ ఆపకూడదు. దాంతోపాటు సెలైన్, అవసరమైతే గ్లూకోజు ఎక్కిస్తారు. ఆసుపత్రి దూరమైన ఊళ్లో ఉంటే ఇంజెక్షన్ ఇంట్లో ఉంచుకోవడం గురించి, ఇంట్లో ఒకరు చేయడం నేర్చుకోవడం గురించి డాక్టరును అడగండి.

మా ఒదిన పర్సులో ఆధార్ కార్డు వెనకాల ఇదే మాట తెలుగులో, ఇంగ్లీషులో రాసి లామినేషన్ చేయించిన చీటీ ఉంటుంది. కింద మా అన్నయ్య ఫోన్ నంబరు. సెల్‌ఫోన్ సెంటర్ అబ్బాయి పది నిమిషాల్లో చేసిచ్చాడు.

కార్తీక సోమవారం ఉపవాసం ఉండొచ్చా? సింహాచలం గిరి ప్రదక్షిణ నడవొచ్చా?

మాత్రలు మానేసే ఉపవాసం వద్దు. ఏమీ తినకుండా సాయంత్రం దాకా ఉంటే షుగర్ పడిపోయే ప్రమాదం కూడా ఉంది. పాలు, పండ్లు తీసుకుంటూ ఉండటం గురించి డాక్టరుతో మాట్లాడండి.

గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు. ఆషాఢంలో వాన పడకపోతే ఉక్క దారుణంగా ఉంటుంది. మందులు కుదురుకుని, ఏడాదిగా బాగున్నవాళ్లు డాక్టరును అడిగి వెళ్లవచ్చు. అంత నడకకు ముందు కొంచెం అదనపు డోసు వేసుకోమంటారు. ఒంటరిగా వద్దు. ఉప్పు వేసిన మజ్జిగ తాగుతూ, కళ్లు తిరిగితే అక్కడే ఆగిపోవాలి.

## మళ్లీ కాన్పు

ఇంకో బిడ్డ కావాలి. అవకాశం ఉందా?

ఉంది. గర్భసంచి, అండాలు బాగానే ఉంటాయి, వాటికి ఆదేశం అందడం లేదంతే. ఆ హార్మోన్లను ఇంజెక్షన్లుగా ఇచ్చి అండం విడుదల చేయిస్తారు. కొద్దిమందికి చికిత్స లేకుండానే గర్భం వస్తుంది. అందుకే వద్దనుకునేవాళ్లు నెలసరి రావడం లేదు కదా అని ధీమాగా ఉండకూడదు. గర్భం వచ్చాక స్టెరాయిడ్, థైరాయిడ్ మాత్రలు ఆపకూడదు, డోసులు మార్చవలసి ఉంటుంది. నొప్పుల సమయంలో స్టెరాయిడ్ ఇంజెక్షన్ తప్పనిసరి. కాబట్టి పెద్దాసుపత్రిలోనే కాన్పు.

ఇది వంశపారంపర్యమా? మా చెల్లికి నెలలు నిండుతున్నాయి.

వంశంలో వచ్చేది కాదు. మీ చెల్లికి రాకుండా ఉండాలంటే రక్తం ఎక్కువ పోకుండా చూసుకోవాలి, పోతే వెంటనే ఆపించాలి. ఇప్పుడే హిమోగ్లోబిన్ చూపించి, తక్కువ ఉంటే సరిచేయించండి. కాన్పు ఆసుపత్రిలోనే జరగాలి. బిడ్డ పుట్టగానే ఆక్సిటోసిన్ 10 యూనిట్లు ఇస్తే గర్భసంచి బిగుసుకుని రక్తస్రావం తగ్గుతుంది. అయినా రక్తం ఆగకపోతే ట్రానెక్సామిక్ ఆసిడ్ ఇస్తారు. అది బిడ్డ పుట్టిన మూడు గంటల లోపే ఇవ్వాలి, ఎంత తొందరగా ఇస్తే అంత మంచిది. కొండ ఊరి నుంచి రావలసి ఉంటే, నొప్పులు వచ్చేదాకా ఆగకుండా ఏఎన్ఎంతో మాట్లాడి తేదీకి ముందే ఆసుపత్రి దగ్గరికి చేర్చండి. రక్తం ఇవ్వగల ఇద్దరు బంధువుల ఫోన్ నంబర్లు ఆమె కేసు షీటుతో పాటు ఉంచండి.